కుమ్మరి చేతిలో మట్టే అయితే ఇన్నేళ్ళు బతిమాలడం ఎందుకు?

ప్రశ్నలపుట్ట:
అందరికీ వందనాలు. మా స్టడీ గ్రూప్‌లో బైబిల్లోని యిర్మీయా ప్రవక్త పుస్తకం చదువుతున్నాం, 18వ అధ్యాయం దగ్గర నా బండి ఆగిపోయింది. దేవుడు యిర్మీయాని కుమ్మరి ఇంటికి పొమ్మంటాడు, అక్కడ సారె మీద కుండ చెడిపోతుంది, కుమ్మరి అదే మట్టితో ఇంకో కుండ చేస్తాడు, అప్పుడు దేవుడు మీరూ నా చేతిలో ఈ మట్టి లాంటి వాళ్ళే అంటాడు. చిన్నప్పటి నుంచి దీని మీద నేను విన్న ప్రసంగాలన్నీ ఒకటే మాట చెప్పాయి: ఆయన ఇష్టం ఆయనది, మట్టికి నోరు ఉండకూడదు. సరే, ఒప్పుకున్నాను.

మరి అదే పుస్తకంలో 25వ అధ్యాయానికి రండి. యూదా రాజు యోషీయా పదమూడో ఏట మొదలుపెట్టి 23 ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను, మీరు వినలేదు అంటాడు యిర్మీయా. మన బైబిల్లో ఆ "పెందలకడ లేచి" అనే మాట ఉంటుంది చూడండి, అది ప్రవక్త తన గురించి అనుకుంటే సరే, కానీ 7వ అధ్యాయంలో దేవుడే తన గురించి అలా అంటాడు. పొద్దున్నే లేచి నా సేవకులను మీ దగ్గరికి పంపుతూనే ఉన్నాను అని! అన్నీ తన చేతిలో ఉన్నవాడు రోజూ తెల్లవారుజామున లేచి మనుషుల్ని పంపించి, వాళ్ళు వినకపోతే మళ్ళీ మర్నాడు పంపించడం ఏంటి? మట్టిని ఎవరైనా బతిమాలతారా? ఈ రెండిట్లో ఏదో ఒకటే నిజం అయ్యుండాలి అనిపిస్తోంది. గ్రూప్‌లో అడిగితే "అది మర్మం, నమ్మాలి" అన్నారు. ఆ జవాబు కాకుండా ఇంకేదైనా చెప్పండి ప్లీజ్.

సారెముందు:
బ్రదర్, ఆ ప్రసంగాలు చేసేవాళ్ళు 6వ వచనం దగ్గర పుస్తకం మూసేస్తారు, అదీ అసలు ఇబ్బంది. 7 నుంచి 10 వరకు చదవండి. ఒక జనాన్ని పెల్లగిస్తాను, విరగ్గొడతాను అని నేను చెప్పాక వాళ్ళు తమ చెడుతనం మానుకుంటే నేనూ నా మాట వెనక్కి తీసుకుంటాను. ఒక జనాన్ని కడతాను, నాటుతాను అని చెప్పాక వాళ్ళు చెడు చేస్తే ఆ మేలు కూడా వెనక్కి తీసుకుంటాను. అంటే కుమ్మరి ఇష్టం అనేది మట్టి ఎలా ఉందో పట్టించుకోని ఇష్టం కాదు. మనం ఈ అధ్యాయాన్ని రోమా పత్రిక 9 కళ్ళద్దాలతో చదువుతాం, అక్కడ పౌలు కూడా కుమ్మరి, మట్టి పోలికే వాడాడు కానీ ఆయన వాదన వేరు, ఇక్కడ యిర్మీయా చెబుతున్నది వేరు.

నా సొంత గోల ఒకటి చెప్తాను, విసుక్కోకండి. రెండేళ్ళ కిందట సరదాకి కుండలు చేయడం నేర్చుకుందామని వెళ్ళాను. ఏదో బ్రహ్మాండంగా చేస్తాననుకున్నా. మట్టి ముద్ద సారె మధ్యలో సరిగ్గా కూర్చోకపోతే ఇక అంతే, చేతులు పైకి లాగేకొద్దీ గోడ ఒక పక్కకి పల్చబడి, ఊగి, చివరికి కూలబడుతుంది. నేర్పించే ఆయన ఒక్కసారి కూడా ఆ ముద్ద తీసి పారేయలేదు. అరచేత్తో అణిచేసి, నీళ్ళు చిలకరించి, మళ్ళీ మధ్యకి తెచ్చేవాడు. నాలుగుసార్లు, ఐదుసార్లు. అప్పుడు నాకు తట్టింది ఏంటంటే, పచ్చి మట్టి చేతికి ఎదురు తిరుగుతుంది. లోపల చిన్న రాయి ఉన్నా, గాలి బుడగ ఉన్నా, తడి తక్కువైనా ఎక్కువైనా వేళ్ళకి తెలిసిపోతుంది. కుమ్మరిని చూసి "ఏమీ ఎదురు లేని అధికారం" అనుకునేవాళ్ళు ఎప్పుడూ మట్టి ముట్టుకోలేదని నా గట్టి అనుమానం.

ఇంకొకటి. వెంటనే 19వ అధ్యాయం చదవండి. అక్కడ కూడా కుండే, కానీ అది కాల్చిన కూజా. పెద్దలను, యాజకులను వెంటబెట్టుకుని బెన్‌హిన్నోము లోయకి పోయి వాళ్ళ కళ్ళ ముందే దాన్ని పగలగొట్టమంటాడు, ఇది మళ్ళీ అతకదు, ఈ పట్టణం కూడా అంతే అంటాడు. 18లో చెడింది పచ్చి కుండ కాబట్టి మళ్ళీ చేయొచ్చు. 19లోది ఆవంలో కాలి గట్టిపడిపోయింది. ఓపిక అనేది ఆ రెండు అధ్యాయాల మధ్య ఉన్న టైమ్.

పాతపేజీలు:
సారెముందు గారు బాగా చెప్పారు. ఆ మాట వెనక్కి తీసుకోవడం గురించి కొంచెం.

హీబ్రూలో "అఫ్" అంటే ముక్కు. కోపం అన్నా అదే మాట, కోపం వస్తే ముక్కు వేడెక్కుతుంది కాబట్టి. నిర్గమకాండం 34లో, బంగారు దూడ గొడవ అయ్యాక, దేవుడు మోషే ముందు తన పేరు తానే చెప్పుకుంటూ "ఎరెక్ అప్పయీమ్" అంటాడు. ఉన్నదున్నట్టు చెబితే ముక్కు పొడుగు వాడు! మన బైబిల్లో దీర్ఘశాంతం అని పెట్టారు, అందమైన మాటే, కానీ ఆ బొమ్మ పోయింది. మనం ముక్కు మీద కోపం అంటాం కదా, దానికి సరిగ్గా తిరగేసిన మాట ఇది. కోపం లేదని కాదు. ఉంది, కానీ ముక్కు కొసకి రావడానికి చాలా దూరం నడవాలి.

ఈ వాక్యాన్ని ప్రవక్తలు ఎలా వాడుకున్నారో చూస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. యోవేలు 2లో అదే మాట పట్టుకుని, బట్టలు కాదు గుండెలు చింపుకోండి, ఆయన దీర్ఘశాంతుడు, ఏమో, మనసు మార్చుకుంటాడేమో అంటాడు. "ఏమో" అంటాడు, గమనించండి, గ్యారంటీ ఇవ్వడు. యోనా 4లో అదే వాక్యాన్ని ఒక మనిషి ఫిర్యాదుగా వాడాడు: నువ్వు ఇలాంటివాడివని నాకు తెలుసు, అందుకే కదా నేను తర్షీషుకి పారిపోయింది! దేవుడి మంచితనం మీద అలిగి చావాలనుకున్న ప్రవక్త. నాకు నవ్వొస్తుంది కానీ, తన జనాన్ని తొక్కేసిన అష్షూరు ముఖ్య పట్టణం నీనెవె క్షమించబడితే ఎవరికి కడుపు మండదు? దేవుడు ఆయనతో వాదించిన పద్ధతి చూడండి. ఒక్క రాత్రిలో మొలిచి ఒక్క రాత్రిలో పోయిన సొరచెట్టు కోసం నువ్వు బాధపడ్డావు, కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో తెలియని లక్షా ఇరవై వేలకు పైగా మనుషులు ఉన్నారిక్కడ, పశువులు కూడా బోలెడున్నాయి, నేను బాధపడకూడదా? పుస్తకం ఆ ప్రశ్నతోనే అయిపోతుంది. యోనా ఏం చెప్పాడో రాయలేదు.

ఇక నహూము. అదే నీనెవె, ఈసారి తీర్పు. మొదటి అధ్యాయం మూడో వచనంలో "యెహోవా దీర్ఘశాంతుడు, మహాబలము గలవాడు" అని రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు. నీనెవె క్రీ.పూ. 612లో కూలింది. మీరు "ఏదో ఒకటే నిజం" అన్నారు కదా, నహూముకి అది రెండు విషయాలుగా కనిపించలేదు. ఈ జత ఇంకా పాతది. సంఖ్యాకాండం 14లో కనాను దేశం చూసి రమ్మని పంపిన వేగులవాళ్ళు తిరిగొచ్చాక జనం తిరగబడితే, వీళ్ళని తుడిచిపెట్టేస్తానంటాడు దేవుడు. అప్పుడు మోషే బతిమాలుతూ ఏమంటాడంటే, నీ బలం ఎంత గొప్పదో ఇప్పుడు చూపించు, దీర్ఘశాంతుడినని నువ్వే చెప్పావు కదా అని. బలం చూపించమని అడిగి, దానికి ఉదాహరణగా ఓపికని చెబుతున్నాడు! నాకైతే మీ ప్రశ్నకి ఇదే తాళంచెవి. బతిమాలడం మీకు బలహీనతగా కనిపిస్తోంది. మోషేకి అది చేతిలో బలం ఉన్నవాడు చేసే పని. కొట్టలేనివాడు ఊరుకుంటే దాన్ని ఓపిక అనరు కదా, గతిలేకపోవడం అంటారు.

నసగాడు:
నేను నస పెడతాను, నా పేరే అది.

పాతపేజీలు మాస్టారూ, ఇదంతా వినడానికి బాగుంది. కానీ ప్రవక్తల పుస్తకాల్లో మీరు దాటేసిన పేజీలు కూడా ఉన్నాయి. ఒకటి, యెహెజ్కేలు 20. అక్కడ దేవుడు ఐగుప్తులో, అరణ్యంలో ఎందుకు ఆగాడో చెబుతూ మూడుసార్లు ఒకటే కారణం ఇస్తాడు: నా పేరు అన్యజనుల ముందు పాడవకూడదని. ప్రేమ అన్న మాట ఆ అధ్యాయంలో వెతికినా దొరకదు. యెషయా 48లో కూడా అంతే, నా నామం కోసం కోపం ఆపుకుంటున్నాను అంటాడు. ఇది ఓపికా, పరువు కాపాడుకోవడమా?

రెండు, యోషీయా తాత, విగ్రహాలు నిలబెట్టిన రాజు మనష్షే సంగతి. యోషీయా అంత సంస్కరణ చేశాడు, విగ్రహాలు పగలగొట్టాడు, పస్కా చేశాడు, అలాంటి రాజు అంతకుముందు లేడు అని రాజుల గ్రంథమే సర్టిఫికెట్ ఇచ్చింది. వెంటనే తర్వాతి వచనంలోనే, అయినా మనష్షే చేసిన దానివల్ల కోపం చల్లారలేదు అంటుంది. తాత చేసినదానికి మనవడు మారినా లాభం లేకపోయింది. యిర్మీయా 18లో "మారితే నేనూ మారతాను" అన్న మాట ఏమైనట్టు?

మూడు, యెషయా 6. వాళ్ళు చూసి తెలుసుకోకుండా వాళ్ళ గుండె కొవ్వబెట్టు అని ప్రవక్తకే చెప్పాడు. తానే మొద్దుబార్చి, తానే ఎందుకు వినరు అని అడగడం నాకు అర్థం కాదు. 63లో జనం కూడా నిలదీశారు, మేము దారి తప్పేలా నువ్వే ఎందుకు చేశావు అని. నేను కొత్తగా అడుగుతున్నది కాదన్నమాట.

ప్రశ్నలపుట్ట:
నసగాడు అన్నా, మీరు నా ప్రశ్నని ఇంకా పెద్దది చేశారు, థాంక్స్ అనాలో వద్దో తెలియట్లేదు. మనష్షే పాయింట్ నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇంకో టెన్షన్ కూడా ఉంది నాకు. యిర్మీయా 7లో, 11లో, 14లో ఈ జనం కోసం ప్రార్థన చేయొద్దు అని దేవుడు మూడుసార్లు అంటాడు. అంత ఓపిక ఉన్నవాడు ప్రార్థన కూడా ఆపమన్నాడంటే ఇక అక్కడ ఏం మిగిలింది?

పాతపేజీలు:
నసగాడు గారూ, మీ మూడిట్లో మూడోది నిజంగా కష్టమైనది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉందని నటించను. ఒక్కటి చెప్పగలను. ఆ మాట విన్నాక యెషయా కూడా "ఎన్నాళ్ళు ప్రభువా" అని అడిగాడు, నరికేసిన చెట్టు మొద్దు మిగులుతుంది అన్న జవాబుతో ఆ అధ్యాయం ఆగింది. ఆ తర్వాత ఆయన చెప్పడం మానలేదు, ఇంకా దశాబ్దాల పాటు చెప్పాడు. వినకూడదనే ఉద్దేశమైతే అసలు ప్రవక్త ఎందుకు?

యెహెజ్కేలు 20 విషయంలో మీతో సగం ఒప్పుకుంటాను. "నా పేరు కోసం" అంటే నాకు అర్థమయ్యేది, ఆపడానికి కారణం జనంలో వెతికితే దొరకలేదు అని. వాళ్ళ మంచితనం మీద ఆధారపడి ఉంటే ఎప్పుడో అయిపోయేది. కారణం ఆయనలోనే ఉంది కాబట్టి నిలిచింది. పరువు అంటారా, అనండి. అదే యెహెజ్కేలు 33లో దుష్టుడు చావడం నాకు సంతోషమా, మారండి, మారండి, ఎందుకు చస్తారు అని అడుగుతాడు కూడా. ఆ గొంతు పరువు చూసుకునేవాడిది కాదు.

హోషేయ 11 గురించి ఎవరూ ఎత్తలేదు, ఆశ్చర్యంగా ఉంది. ఆ అధ్యాయం మొదట్లో దేవుడు ఒక తండ్రిలా పాత రోజులు గుర్తుచేసుకుంటాడు. ఎఫ్రాయిముకి (అంటే ఉత్తర ఇశ్రాయేలు రాజ్యానికి) నడక నేర్పింది నేనే, చేతులు పట్టుకుని నడిపించాను, వంగి తినిపించాను. నడక నేర్చుకునే పిల్లాడి వెనకాల నడుం వంచి నడిచినవాళ్ళకి తెలుస్తుంది, పిల్లాడికి ఆ చేతులు ఎవరివో కూడా తెలియదు, వాడి చూపంతా ముందుకే. అక్కడ కూడా అదే మాట, వాళ్ళని బాగుచేసింది నేనని వాళ్ళకి తెలియలేదు. తర్వాత 8వ వచనం. ఎఫ్రాయిమా, నిన్నెలా వదిలేయను? అద్మాలా నిన్నెలా చేయను, సెబోయీములా ఎలా చేయను? అద్మా, సెబోయీము అంటే సొదొమ గొమొర్రాలతో పాటు నాశనమైన ఊళ్ళు. వెంటనే, నా గుండె నాలో తిరగబడుతోంది అంటాడు. హీబ్రూలో "హాఫక్" అనే క్రియ అది. ఆదికాండం 19లో సొదొమని తలకిందులు చేసినప్పుడు వాడింది కూడా ఇదే క్రియ. ఊరు తలకిందులు కావాల్సిన చోట ఆయన గుండె తలకిందులైంది. యోనా కూడా నీనెవెలో నలభై రోజుల్లో ఊరు తలకిందులవుతుంది అన్నప్పుడు ఇదే మాట. కూలిపోవచ్చు, మారిపోవచ్చు, రెండర్థాలూ ఆ మాటలోనే ఉన్నాయి. యోనా చెప్పింది జరిగింది, ఆయన అనుకున్నట్టు మాత్రం జరగలేదు.

ఇక 9వ వచనం. నా కోపాగ్ని చూపించను, ఎందుకంటే నేను దేవుణ్ణి, మనిషిని కాను. మనం దీన్ని రివర్స్‌లో అనుకుంటాం. దేవుడు కాబట్టి కోపం చూపిస్తాడు, మనిషైతే జాలిపడతాడు అని. హోషేయలో దేవుడు కావడమే ఆగడానికి కారణం. మనిషైతే ఎప్పుడో వదిలేసేవాడు.

నసగాడు:
కానీ ఆ ఉత్తర రాజ్యం రాజధాని షోమ్రోను క్రీ.పూ. 722లో పడిపోయింది కదా మాస్టారూ. హోషేయ చెప్పిన ఎఫ్రాయిమే. అంత గుండె తిరగబడ్డాక కూడా. ఆమోసు 7లో కూడా అంతే, మిడతల దర్శనం చూసి యాకోబు చిన్నవాడు, ఎలా నిలుస్తాడు అని ఆమోసు అడ్డుపడితే దేవుడు ఆగాడు, అగ్ని దర్శనం చూసి మళ్ళీ అడ్డుపడితే మళ్ళీ ఆగాడు, మూడోసారి ఆమోసు అడ్డుపడనే లేదు, దేవుడూ ఆగలేదు. నేను ఓపిక లేదనట్లేదు. దానికి ఒక చివర ఉంది అంటున్నాను. ఆ చివర ఎక్కడో ముందుగా ఎవరికీ చెప్పలేదు అంటున్నాను. అదే నాకు భయం.

సారెముందు:
అన్నా, ఆ భయం కరెక్టే, దాన్ని పోగొట్టాలని ఎవరూ ప్రయత్నించకపోతేనే మంచిది. యిర్మీయా 15లో దేవుడే అంటాడు, మనసు మార్చుకుని మార్చుకుని విసిగిపోయాను అని. విసిగిపోయేదాకా మార్చుకున్నాడంటే ఎన్నిసార్లు ఆగి ఉండాలి? లెక్క వేసి చూడండి. యోషీయా పదమూడో ఏడు అంటే క్రీ.పూ. 627 ప్రాంతం. యెరూషలేము 586 ప్రాంతంలో కాలిపోయింది. సుమారు నలభై ఏళ్ళు, ఒకే మనిషి, ఒకే ఊరు, ఒకే మాట. మనష్షే పాయింట్‌కి కూడా ఇందులో కొంత జవాబు ఉంది అనిపిస్తుంది నాకు. యోషీయా మారినప్పుడు తీర్పు రద్దు కాలేదు, నిజమే. కానీ ప్రవక్తి హుల్దా చెప్పినట్టు ఆయన కాలంలో రాలేదు, వాయిదా పడింది. ఆ వాయిదా కాలమంతా యిర్మీయా అరుస్తూనే ఉన్నాడు. ఇంకోటి, రాజు గుడి శుభ్రం చేశాడు కానీ జనం మారారా? యిర్మీయా 3లో యూదా పూర్ణహృదయంతో తిరగలేదు, నటించింది అని ఆ యోషీయా రోజుల గురించే రాసి ఉంది.

ప్రార్థన చేయొద్దు అన్న దాని గురించి. ప్రశ్నలపుట్ట గారూ, చేయొద్దు అని మూడుసార్లు చెప్పాల్సి వచ్చిందంటే మధ్యలో యిర్మీయా చేస్తూనే ఉన్నాడనే కదా! ఒక్కసారి చెబితే ఆగే రకం కాదాయన. అలాంటి మొండివాడినే దేవుడు ఈ పనికి పెట్టుకున్నాడు.

సామ్రాజ్యాల మీద సార్వభౌమాధికారం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మన చర్చంతా యూదా చుట్టూనే తిరిగింది. ప్రవక్తలు దేవుడి అధికారాన్ని గట్టి గొంతుతో చెప్పేది ఎక్కువగా పెద్ద రాజుల విషయంలో. యెషయా 10లో అష్షూరు నా కోపపు కర్ర అంటాడు, గొడ్డలి తనతో నరికేవాడి మీద గొప్పలు పోతుందా అని ఎగతాళి చేస్తాడు. బబులోను రాజు నెబుకద్రెజరుని నా సేవకుడు అంటాడు, పారసీక రాజు కోరెషుని అభిషిక్తుడు అంటాడు, వాళ్ళని అడిగింది లేదు, బతిమాలింది లేదు. సొంత జనం దగ్గరికి వచ్చేసరికి గొంతు మారుతుంది. యెషయా మొదటి అధ్యాయంలోనే, పిల్లల్ని పెంచాను, నా మీదే తిరగబడ్డారు, ఎద్దుకి కూడా తన యజమాని తెలుసు అని ఏడుపు గొంతు. గొడ్డలితో ఎవరూ వాదించరు. కన్నపిల్లలతోనే వాదిస్తారు.

చివరికి మళ్ళీ కుండల దగ్గరికే వస్తాను, సారీ, నా పిచ్చి అది. యిర్మీయాలో మూడో కుండ ఒకటి ఉంది, ఎవరూ చెప్పరు. 32వ అధ్యాయం. యూదా రాజు సిద్కియా పదో ఏడు, బబులోను సైన్యం ఊరిని చుట్టుముట్టి ఉంది, యిర్మీయా చెరసాల ఆవరణలో బందీ. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో ఉన్న పొలం కొనుక్కో అంటాడు. శత్రువు తొక్కేస్తున్న పొలం! యిర్మీయా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల్ని పెట్టి, క్రయపత్రం రాయించి, ముద్ర వేయించి, తన లేఖకుడు బారూకు చేతికిచ్చి ఏమన్నాడంటే, ఈ పత్రాల్ని ఒక మట్టికుండలో పెట్టు, చాలా రోజులు ఉండాలి.

కొన్నాక యిర్మీయాకే అర్థం కాలేదు. ఆ తర్వాతి ప్రార్థన చదవండి, ఊరు కల్దీయుల (అంటే బబులోను వాళ్ళ) చేతికి పోతోంది, నన్నేమో పొలం కొనమన్నావు, ఇదేం లెక్క అన్నట్టే ఉంటుంది. దేవుడు ముందు, నాకు అసాధ్యమైనది ఏదైనా ఉందా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. తర్వాత ఆ ఊరిని ఇస్తాననీ చెబుతాడు, మళ్ళీ ఇక్కడ పొలాలు కొంటారనీ చెబుతాడు.

ప్రశ్నలపుట్ట:
పచ్చి కుండ, పగిలిన కూజా, పత్రాలు దాచిన కుండ. 32ని ఎన్నిసార్లు చదివానో, ఆ కుండ మాత్రం కళ్ళకి కనపడలేదు. వచ్చే వారం గ్రూప్‌లో నేనే చెప్పాలి, 18తో మొదలుపెట్టకుండా 32తో మొదలుపెడతాను. నసగాడు అన్నా, మీ యెషయా 6 ప్రశ్న ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

నసగాడు:
నాకు తెలిస్తే ఇక్కడ అడిగేవాణ్ణా. "ఎన్నాళ్ళు ప్రభువా" అని యెషయా అడిగిన చోట ఆగి, వాళ్ళనీ అడగనివ్వు.